ఫోన్‌తో పెరిగిన పిల్లలకు పాఠం ఎలా చెప్పాలి: పాలమూరు, నల్లగొండ హైస్కూల్ టీచర్లకు సమగ్ర మార్గదర్శి

జియో సిమ్ వచ్చింది 2016 సెప్టెంబరులో. ఇప్పుడు ఆరు, ఏడు తరగతుల్లో ఉన్న పిల్లలు అప్పటికి ముద్దుమాటలు నేర్చే వయసువాళ్లు. తొమ్మిది, పది చదివేవాళ్లయితే 2020లో బడులు మూతపడ్డప్పుడు యాదగిరి చానెల్లో, టీ-శాట్‌లో పాఠాలు విన్నవాళ్లు. ఇలాంటి తరగతి గురించి స్టాఫ్‌రూములో రెండు మాటలు వినిపిస్తాయి. "వీళ్లకు ఫోన్ మనకంటే మంచిగ వస్తది" అనేది ఒకటి. "ఫోన్ పట్టి పిల్లలు ఖరాబైండ్రు" అనేది రెండోది. ఎక్కువ నష్టం చేసేది మొదటి మాటే. వచ్చనుకున్నదాన్ని ఎవరూ నేర్పరు కదా.

ఇలా ఫోన్లు, కంప్యూటర్ల మధ్య పుట్టి పెరిగిన తరానికి 'డిజిటల్ నేటివ్స్' అనే పేరును 2001లో అమెరికా రచయిత మార్క్ ప్రెన్‌స్కీ ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత జరిగిన పరిశోధనలు ఆ ఊహను నిలబెట్టలేదు. ఫోన్ చేతిలో ఉండగానే వెతకడం, పోల్చడం, ఏది నమ్మాలో తేల్చుకోవడం వాటంతటవే రావు. దేశంలోని పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడకం వచ్చని పల్లె పిల్లల చదువుల మీద సర్వే చేసే అసర్ 2024 నివేదిక చెప్పింది. వాళ్లలో అంతకు ముందు వారం చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. స్క్రీన్ మీద వేలు చకచకా ఆడుతుంది. దాంతో చదువుకోవడం మాత్రం బడిలోనే నేర్పాలి.

కింద చెప్పేదంతా జిల్లా పరిషత్ హైస్కూలు, కేజీబీవీ, గురుకులాల్లో ఆరు వారాల్లో చేయగలిగిన పని. ట్యాబులు, కంప్యూటర్ ల్యాబు అక్కర్లేదు. టీచర్ ఫోను, ఒక పెన్‌డ్రైవు, గదిలో డిజిటల్ ప్యానలో (గోడకు బిగించే పెద్ద తెర) టీవీయో ఉంటే అది, ఒక అట్టపెట్టె చాలు.

మొదటి వారం: ముందు లెక్క తీయండి

"ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా?" అని అడిగితే అందరూ చేతులెత్తుతారు. ఆ లెక్క దేనికీ పనికిరాదు. తెల్లకాగితం ఇచ్చి ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు రాయమనండి. ఆ ఫోన్ ఎవరిది? పగలు ఎక్కడ ఉంటుంది? నీ చేతికి ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు ఉంటుంది? రీఛార్జి అయిపోతే మళ్లీ ఎన్నాళ్లకు వేయిస్తారు? ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? కాగితాలు మడిచి తీసుకోండి, తరగతిలో పైకి చదవొద్దు. పుణె, ముంబయి, హైదరాబాద్ పనులకు వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు పాలమూరు తరగతిలో ఎప్పుడూ కొందరు ఉంటారు. ఆ పిల్లల ఇంట్లో ఉండేది తాత దగ్గరి బటన్ ఫోనే. ఆ సంగతి నలుగురిలో బయటపడితే వాళ్లు మళ్లీ నిజం రాయరు.

చివరి ప్రశ్న ఎందుకంటే, దేవరకొండ, చందంపేట తండాల్లో ఇంటి భాష లంబాడీ. నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం మాట్లాడే ఇళ్లు ఉన్నాయి. ఈ పిల్లలు మాటతో టైపు చేయబోతే ఫోన్ తప్పులు రాస్తుంది. తెలుగు ఇంటి పిల్లలకూ ఈ తిప్పలు తప్పవు. "వోయిండు", "గిట్ల", "ఏడికి" లాంటి మాటల్ని ఫోన్ ఒకసారి సరిగ్గా, ఒకసారి ఇంకేదో పదంగా రాస్తుంది. తప్పు తమ ఉచ్చారణలో ఉందని పిల్లలు అనుకోకుండా ముందే చెప్పండి.

తర్వాత చిన్న పరీక్ష పెట్టండి. ఆరుగురి జట్టుకు ఒక ఫోను, నాలుగు పనులు, ఇరవై నిమిషాలు. ఒకటి, పేరు, ఊరు, మండలం మాటతో కాకుండా వేళ్లతో తెలుగులో టైపు చేయాలి. రెండు, ఒక ఫొటో తీసి, దానికి పేరు మార్చి, డాక్యుమెంటుగా పంపాలి. మూడు, నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన ఏ తేదీన జరిగిందో కనుక్కుని, ఏ సైటులో దొరికిందో కూడా చెప్పాలి (1955 డిసెంబరు 10). నాలుగు, ఫోన్‌లో ఒక పేజీ వ్యాసం చదివి, స్క్రీన్ చూడకుండా మూడు వాక్యాల్లో చెప్పాలి.

ఎక్కువ జట్లు తడబడేది మూడు, నాలుగు పనుల దగ్గర. తేదీ క్షణంలో చెప్తారు. ఎక్కడ దొరికిందంటే "గూగుల్ల" అంటారు. గూగుల్ దారి చూపిస్తుందే తప్ప ఆ సమాచారం రాసింది వేరే ఎవరో అన్న సంగతి చాలామందికి తెలియదు. మీరు ఆరు వారాలు నేర్పాల్సింది ఇక్కడే మొదలవుతుంది.

పీరియడ్‌ను మళ్లీ కోయండి

45 నిమిషాల పీరియడ్‌లో 35 నిమిషాలు టీచర్ మాట్లాడితే ఏ కాలం పిల్లలైనా వినరు. ఈ పిల్లలు వినట్లేదని త్వరగా తెలిసిపోతుంది, అంతే తేడా. వీడియో వేస్తే కుదురుగా కూర్చుంటారు కానీ, కూర్చోవడం వేరు, నేర్వడం వేరు. పనిచేసే కోత ఇది: పుస్తకం మూసి నిన్నటి పాఠం మీద మూడు ప్రశ్నలకు రాత జవాబులు 4 నిమిషాలు, క్లిప్ 2, 'ఏం జరుగుతుంది' అన్న ఊహ రాయడం 5, చేతులతో పని 12, నల్లబల్ల దగ్గర టీచర్ వివరణ 8, పాఠ్యపుస్తకం చదివి రాసుకోవడం 10, వెళ్లేముందు చిట్టీ మీద ఒక్క జవాబు 4.

ఆరో తరగతి నీడల పాఠానికి ఇది ఎలా సరిపోతుందో చూద్దాం. నల్లగొండ పక్కనే పానగల్లులో కుందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడ గర్భగుడి గోడ మీద స్తంభం లాంటి నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. దాన్ని 'అంతుచిక్కని రహస్యం' అంటూ చూపే వీడియోలు ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి, పిల్లలు చూసే ఉంటారు. అదే క్లిప్‌ను శబ్దం ఆపేసి ఒక్క నిమిషం చూపించండి. శబ్దం ఎందుకు ఆపాలంటే, రహస్యమన్న వ్యాఖ్యానం విన్నాక పిల్లలు సొంత ఊహ రాయడం మానేస్తారు.

కావాల్సినవి: బూట్ల డబ్బా కంటే పెద్దదైన అట్టపెట్టె, 2 సెంటీమీటర్ల మందం ఉన్న కొవ్వొత్తి, తెల్లకాగితం, పెన్సిలు. పెట్టెకు ఒక పక్క పూర్తిగా తెరవండి. ఎదురు గోడకు లోపల తెల్లకాగితం అతికించి, దానికి 4 సెంటీమీటర్ల ముందు కొవ్వొత్తిని నిలబెట్టండి, వెలిగించొద్దు. గది కిటికీలన్నీ మూసి, తలుపు ఒక రెక్కే తెరిచి, ఆ తలుపుకు 3 మీటర్ల దూరంలో పెట్టెను తలుపు వైపు తెరుచుకుని ఉండేలా పెట్టండి. కాగితం మీద లేతగా నిలువు నీడ పడుతుంది. దాని రెండు అంచులూ పెన్సిలుతో గీయించండి. అదే సమయంలో బయట జెండా కర్ర నీడ కొనకు చాక్‌పీసుతో గుర్తు పెట్టించండి. "భోజనం తర్వాత ఏ నీడ ఎంత జరుగుతుంది?" అని ఊహ రాయించండి. 'రెండూ జరుగుతాయి' అని దాదాపు అందరూ రాస్తారు.

మధ్యాహ్నం చూస్తే జెండా కర్ర నీడ గుర్తును వదిలి ఎటో వెళ్లిపోయి ఉంటుంది. పెట్టెలో నీడ గీతల మధ్యే ఉంటుంది. కారణం పిల్లలతోనే చెప్పించొచ్చు. పెట్టెలోకి వచ్చేది సూర్యుడి నుంచి నేరుగా పడే వెలుగు కాదు. ఆకాశం మీదా నేల మీదా వరండా గోడల మీదా పడి చెదిరి తలుపు గుండా వచ్చే వెలుగు. సూర్యుడు జరిగినా తలుపు జరగదు, స్తంభం జరగదు, అందుకే నీడా జరగదు. గుడిలో జరిగేదీ ఈ సూత్రమే.

ఏం చెడుతుందంటే: వరండా లేని తలుపు నుంచి ఎండ నేరుగా పెట్టెలో పడితే నీడ జరిగి ప్రయోగం తలకిందులవుతుంది, కాబట్టి ఎండ పడని వైపు తలుపు ఎంచుకోండి. రెండు రెక్కలూ బార్లా తెరిస్తే నీడ అంచులు చెదిరిపోయి కనిపించదు. కొవ్వొత్తిని గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టినా అంతే. గదికి రెండు తలుపులుండి రెండూ తెరిస్తే రెండు నీడలు పడతాయి. దాన్ని తప్పని ఆపొద్దు, 'రెండెందుకు వచ్చాయి' అన్నదాన్ని ఆ రోజు చిట్టీ ప్రశ్న చేయండి.

ఫోన్ పని ఇక్కడ ఒక్కటే. ఇటుక మీద ఆనించి, కదల్చకుండా, గంటకో ఫొటో. సాయంత్రం నాలుగైదు ఫొటోలు ప్యానల్ మీద వరసగా చూపిస్తే గీతలు గీయని జట్లకు కూడా తేలిపోతుంది. కంటికి ఒక్కసారిగా అందనిదాన్ని పట్టి చూపించడానికే తరగతిలో ఫోను ఉండాలన్నది మా అభిప్రాయం. విత్తనం మొలక, చెరువు నీటి మట్టం, నీడ లాంటివి. పుస్తకంలో బొమ్మ ఉన్నదానికి మళ్లీ వీడియో వేయడం టైం పాస్.

చదవడం గురించి ఒక మాట. పేజీ నిడివి చదువు ఈ పిల్లలకు కష్టంగా ఉంటుంది. నిజమే, కానీ అది పెంచుకోగల బలమే. మొదటి వారం 3 నిమిషాల మౌన పఠనంతో మొదలుపెట్టి వారానికి 2 నిమిషాలు పెంచుకుంటూ పోతే ఆరో వారానికి 13 నిమిషాలవుతుంది. చదివాక ప్రతిసారీ పుస్తకం మూసి రెండు వాక్యాలు రాయాలి. రాయించకపోతే పేజీ మీద కళ్లు మాత్రమే తిరుగుతాయి.

ప్యానల్ ఉన్నచోట

చాలా హైస్కూళ్లలో గోడకు ప్యానల్ ఉంది. ఇంటర్నెట్ మాత్రం టీచర్ హాట్‌స్పాట్. పాఠం మధ్యలో గిరగిరా తిరిగే చక్రం చూస్తూ 40 మంది కూర్చున్నారంటే ఆ పీరియడ్ పోయినట్టే. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో ఇంట్లోనే స్కాన్ చేసి డౌన్‌లోడ్ చేసుకోండి. మీకు కావాల్సిన 90 సెకన్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో కాగితం మీద రాసుకోండి. 12 నిమిషాల వీడియో మొత్తం వేయకండి.

పెన్‌డ్రైవ్ ప్యానల్‌లో కనిపించలేదంటే చాలాసార్లు ఫార్మాట్ దగ్గరే తేడా. ఫ్యాట్32 దాదాపు అన్ని టీవీలూ చదువుతాయి, కానీ 4 జీబీ మించిన ఫైలును అది తీసుకోదు. కాబట్టి ముక్కలుగా పెట్టుకోండి. ఫైలు పేర్లు తెలుగులో ఉంటే కొన్ని సెట్లు డబ్బాలు చూపిస్తాయి, తరగతి, పాఠం సంఖ్యలతో '06-14-1' లాగా పెట్టండి. మీరు తయారుచేసిన స్లయిడ్ అయితే చివరి బెంచీ నుంచి చదవగలగాలి, ఒక స్లయిడ్‌కు ఆరు వరసలు మించొద్దు. రేకుల గదిలో వాన పడితే ప్యానల్ స్పీకర్ వినబడదు, మాటలు లేకుండా సాగే క్లిప్‌లు అలాంటి రోజులకు దాచుకోండి. కరెంటు పోతే అదే పాఠం ఎలా నడపాలో ముందురోజే నోట్సులో ఒక్క వాక్యం రాసుకుంటే చాలు.

వెతకడం, తేల్చుకోవడం: ఫ్లోరైడ్ పాఠంతో

ఈ మార్గదర్శిలో ఒక్క పనే చేసే తీరిక ఉంటే ఇదే చేయండి. నల్లగొండ పిల్లలకు ఫ్లోరైడ్ పుస్తకంలో మాట కాదు. పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగిన కాళ్లు ఊళ్లో చూసినవే. అందుకే ఇంటర్నెట్లో దాని మీద దొరికే మంచీ చెడూ తేల్చుకోవడం వాళ్లకు నిజంగా అవసరం.

ప్రశ్న: "బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఇంట్లో పోగొట్టొచ్చా?" పిల్లలు మైకు నొక్కి ఉన్నదున్నట్టు అడుగుతారు, వీడియోలు వస్తాయి. మొదటి పని ప్రశ్నను మాటలుగా విడగొట్టడం: 'ఫ్లోరైడ్ తొలగింపు', 'నల్గొండ పద్ధతి', 'తాగునీరు పరిమితి'. వచ్చిన ఫలితాలు ఎలా మారాయో పక్కపక్కన బల్ల మీద రాయించండి.

తర్వాత ప్రతి జట్టూ తనకు దొరికిన ఒక పేజీకో వీడియోకో మూడు ప్రశ్నలు వేయాలి. చెప్పేది ఎవరు? వాళ్లకు ఎలా తెలిసింది? ఇంకెవరు ఇదే చెప్తున్నారు? మూడో ప్రశ్నకు జవాబు అదే పేజీలో ఎంతసేపు చదివినా దొరకదు, బయటికొచ్చి రెండో పేజీ తెరవాల్సిందే. ఈ బయటికి రావడమే పిల్లలకు కొత్త అలవాటు. వీడియో నచ్చితే అదే చానెల్ రెండో వీడియో చూసి "ఇందులనూ గదే చెప్పిండు సార్" అంటారు. అదే మనిషి రెండుసార్లు చెప్తే సాక్షులు ఇద్దరైనట్టు కాదని అక్కడికక్కడే చెప్పండి.

తేలాల్సినవి మీ దగ్గర రాసి ఉంచుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరై నీళ్లు తగ్గుతాయి కాబట్టి మిగిలిన నీళ్లలో దాని సాంద్రత ఇంకా పెరుగుతుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి ఈ జిల్లా పేరే పెట్టిన 'నల్గొండ పద్ధతి'లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, అడుగున తేర్చి, వడకడతారు. ఏది ఎంత కలపాలన్నది ఆ నీటి పరీక్ష ఫలితాన్ని బట్టి నిపుణులు నిర్ణయిస్తారు. వీడియో చూసి ఇంట్లో పటిక వేసుకోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. చివర్లో ఒక్కో జట్టు ఒక వీడియోకు తీర్పు రాయాలి: నమ్మొచ్చు, సగం నమ్మొచ్చు, నమ్మొద్దు. ప్రతి తీర్పుకూ కింద కారణం ఒక వాక్యం. నాలుగు పీరియడ్ల పని ఇది. ఎఫ్ఏలో (ఏడాది మధ్యలో బడిలోనే మార్కులు వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు పని కింద మార్కులు వేసుకోవచ్చు, కాబట్టి సిలబస్ వెనకబడుతుందన్న బెంగ అక్కర్లేదు.

హోంవర్క్ మార్చక తప్పదు

వాట్సాప్‌లో నీలం వలయం నొక్కితే మెటా ఏఐ జవాబు రాసిస్తుంది. లెక్కను ఫొటో తీస్తే మెట్లతో సహా చేసిపెట్టే యాప్‌లున్నాయి. 'పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు రాసుకు రా' అన్న హోంవర్క్ పని దానితో అయిపోయింది. ఫోన్ లేని పిల్లలు గైడు చూసి రాస్తారు, ఉన్నవాళ్లు ఏఐ చూసి రాస్తారు, ఇద్దరూ చేసింది ఎక్కించడమే. బదులుగా మూడు రకాలు పనికొస్తాయి.

ఒకటి, కొలిచి తెచ్చేవి. ఇంటి నీళ్ల ట్యాంకు కొలతలు, వారం రోజుల కరెంటు మీటరు రీడింగు, పత్తి చేనులో సాళ్ల మధ్య దూరం. జవాబు వాళ్ల ఇంట్లోనే ఉంటుంది.

రెండు, అడిగి తెచ్చేవి. నిష్పత్తి పాఠానికి, పట్నంలో మేస్త్రీ పని చేస్తున్న నాన్నకు ఫోన్ చేసి "గోడ కట్టుబడికి ఒక బస్తా సిమెంటుకు ఇసుక ఎన్ని తట్టలు, ప్లాస్టరింగ్‌కు ఎన్ని?" అని అడిగి రాసుకొస్తే తరగతిలో పది ఇళ్ల లెక్కలు పోలుస్తారు. దీనికి బటన్ ఫోన్ చాలు. వలస వెళ్లిన ఇంటి పిల్లలకు తెలిసింది ఆ రోజు తరగతికి కావాల్సి వస్తుంది, ఎప్పుడూ వెనక బెంచీలో ఉండేవాళ్లు ముందుకొస్తారు.

మూడు, ఏఐ జవాబును దిద్దేవి. "మా ఊరి చెరువు ఎవరు తవ్వించారు?" అని టీచరే ఏఐని అడిగి, వచ్చిన జవాబును బల్ల మీద రాయండి. చిన్న ఊళ్ల విషయంలో అది ఎంతో ధీమాగా కల్పించి చెప్తుంది. పిల్లలు ఊరి పెద్దలను అడిగి వచ్చి ఎర్ర సిరాతో దిద్దాలి. ఏఐ తప్పు చెప్పగలదని పదిసార్లు హెచ్చరించడం కంటే ఇలా ఒకసారి దిద్దించడం మేలు.

ఏ హోంవర్క్ అయినా మర్నాడు నలుగురిని పేర్లు తీసి బల్ల దగ్గరికి పిలిచి ఒక్క నిమిషం వివరించమనండి. మార్కు ఆ నిమిషానికే. దీంతో ఎక్కించడం దానంతటదే తగ్గుతుంది.

ఇంటికి పంపేవి, గ్రూపు, జాగ్రత్తలు

వీడియో 360 రిజల్యూషన్‌లో నిమిషానికి సుమారు 4–5 ఎంబీ తింటుంది. నిమిషం వాయిస్ నోట్ పావు ఎంబీ కూడా కాదు. కాబట్టి పంపాల్సింది రెండు నిమిషాల వాయిస్ నోట్, నల్లబల్ల ఫొటో ఒకటి. అమ్మానాన్నలు పని నుంచి వచ్చాక, రాత్రి 8 ప్రాంతంలో పంపండి. ఫోన్‌లో జవాబు పంపినవాళ్లకు మార్కు అనే పద్ధతి వద్దు. అదే విషయం పొద్దున పది నిమిషాలు ముందొచ్చినవాళ్లకు ప్యానల్ మీద దొరకాలి. అమ్రాబాద్ అడవి వైపు సిగ్నల్ అందని ఊళ్ల పిల్లలకు ఇదొక్కటే దారి.

వాట్సాప్‌కు కనీస వయసు 13. ఆరు, ఏడు తరగతులకు పిల్లల నంబర్లతో గ్రూపు పెట్టకండి, తల్లిదండ్రుల నంబర్లే తీసుకోండి. గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, ఆడపిల్లల ఇళ్లకు దీనివల్ల ఇబ్బందులొస్తాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఆ బాధ లేదు. కాకపోతే మీ నంబరును వాళ్లు సేవ్ చేసుకోకపోతే మెసేజ్ చేరదు, అందుకే పేరెంట్స్ మీటింగ్ రోజే మీ ముందు సేవ్ చేయించండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా బాలలే, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ప్రాజెక్టు ఫొటోల్లో ముఖాలు లేకుండా చేతులూ పనీ కనిపించేలా తీస్తే సగం చిక్కులు తప్పుతాయి.

డబ్బు మోసమైతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఆలస్యమైతే డబ్బు ఆపడం కష్టం. పిల్లలను ఎవరైనా ఫొటోలతో బెదిరిస్తున్నట్టు తెలిస్తే 1098. అలాంటప్పుడు ఆ ఫొటోను 'సాక్ష్యం' పేరుతో టీచర్ తన ఫోన్‌కు పంపించుకోకూడదు, ఇంకెవరికీ పంపకూడదు, చెరిపేయనూ కూడదు. ఫోన్ ఉన్నదున్నట్టు పెట్టి హెచ్ఎంకు చెప్పండి. ఈ రెండు నంబర్లూ నోటీసు బోర్డు మీదే కాదు, పిల్లల డైరీ మొదటి పేజీలోనూ రాయించండి. నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఆ నంబరు రాసుకునే ధైర్యం ఆపదలో ఉన్న పిల్లలకు ఉండదు.

ఆరో వారం: నిలిచిందా?

క్లిప్ బాగుందనో పిల్లలు చప్పట్లు కొట్టారనో లెక్కలోకి తీసుకోవద్దు. ఒకే స్థాయి పాఠాలు రెండు ఎంచుకోండి. ఒకటి పాత పద్ధతిలో, రెండోది పైన చెప్పిన కోతతో చెప్పండి. రెండింటికీ పది ప్రశ్నల లఘు పరీక్ష రెండుసార్లు పెట్టాలి, పాఠం అయిన రోజు ఒకసారి, వారం తర్వాత చెప్పకుండా ఇంకోసారి. మొదటి రోజు మార్కుల్లో తేడా పెద్దగా లేకపోతే నిరుత్సాహపడకండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలోనూ ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత మాత్రం జ్ఞాపకం నుంచి తవ్వి రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. మీరు చూడాల్సింది రెండో పరీక్ష మార్కులే.

ఫలితాలను ప్రశ్నల వారీగా గీతలు పెట్టి చూడండి. ఏ ప్రశ్న దగ్గర సగం మంది పోయారో, ఆ ముక్కను ఏ విధంగా చెప్పారో నోట్సులో వెతకండి. వీడియోతో మాత్రమే చెప్పిన ముక్క అయితే, వచ్చే ఏడాదికి ఆ ఫైలు తీసేసి అక్కడ చేతిపని పెట్టండి. చేతిపని పెట్టినచోటే పోయారంటే ఎక్కువగా ఊహ రాయించే 5 నిమిషాలు ఎగ్గొట్టి ఉంటారు. ఆ ముక్కను మర్నాడు మొదటి 4 నిమిషాల ప్రశ్నల్లోకి మళ్లీ తెచ్చి, ఇంకో వారం తర్వాత ఆ ఒక్క ప్రశ్నే పెట్టి చూడండి.